ఎమ్మీ 2025: పొద్దున్నే లేచి చూస్తే సెవరెన్స్‌కి ఇచ్చే మర్యాద ఇదా?

ఇన్నీ_బాధితుడు
రాత్రి పదకొండింటికే పడుకుని, 5:20కి అలారం పెట్టుకుని, రూమ్మేట్ దుప్పట్లోంచి తిడుతున్నా లేచి కూర్చున్నా. సోమవారం. పదింటికి ఆఫీసులో స్టాండప్ మీటింగు. అయినా లేచా. ఎందుకంటే అమెరికా టీవీ అవార్డులు ఎమ్మీల్లో మన సెవరెన్స్ సీరియల్‌కి 27 నామినేషన్లు, ఈ ఏడాది అందరికన్నా ఎక్కువ, ఇక డ్రామా సిరీస్ అవార్డు ఎక్కడికీ పోదని మా టీంలో ముగ్గురితో బిర్యానీ పందెం కూడా కాశా. మొదట్లోనే సెవరెన్స్ సహాయ నటుడు ట్రామెల్ టిల్‌మన్ గెలిచాడు, హీరోయిన్ బ్రిట్ లోవర్ గెలిచింది, నేను పక్క ఫ్లాటువాళ్ళకి వినపడేలా చప్పట్లు కొట్టా. ఆ తర్వాత ఏ దిష్టి తగిలిందో ఏమో. దర్శకత్వం స్లో హార్సెస్‌కి పోయింది, రచన యాండోర్‌కి పోయింది, హీరో అవార్డు మన ఆడమ్ స్కాట్‌ని కాదని ది పిట్ హీరో నోవా వైలీకి, చివరికి డ్రామా సిరీస్ కూడా ది పిట్‌కే. ఆసుపత్రి సీరియల్‌కి!! 1994 నుంచి అమెరికావాళ్ళు తీస్తూనే ఉన్న ఆసుపత్రి సీరియల్‌కి!

మనిషి మెదడు రెండు ముక్కలు చేసి, ఆఫీసులో ఉన్నవాడికి (ఇన్నీ) ఇల్లు తెలీకుండా, ఇంట్లో ఉన్నవాడికి (ఔటీ) ఆఫీసు తెలీకుండా చేసే ఐడియా ఎక్కడ, స్ట్రెచర్ తోసుకుంటూ పరిగెత్తడం ఎక్కడ. ఔటర్ రింగ్ రోడ్డు మీద బతుకుతున్న ప్రతివాడి కథరా అది. ఈ ఊళ్ళో ఎవరికైనా నా బాధ అర్థమవుతుందా లేదా? మూడు బిర్యానీలు కూడా పోయాయి.

పెసరట్టు_పెసిమిస్ట్
పందెం కాసినవాడు జ్యూరీని తిట్టకూడదు. అది రూలు.

సిల్క్‌బోర్డ్_సన్యాసి
నువ్వు లేచి చూశావ్ నాయనా. నేను బెంగళూరు మెట్రో ఎల్లో లైన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి విజేతల లిస్టు మొత్తం చదివేశా, రైలు మాత్రం రాలేదు. ముందు మాకు న్యాయం కావాలి.

లెక్కల_మాస్టారు
కోపంలో లెక్క మర్చిపోతున్నారు. సెవరెన్స్ ఈ ఏడాది మొత్తం 8 ఎమ్మీలు గెలిచింది, పిట్ గెలిచింది 5. క్రియేటివ్ ఆర్ట్స్ ఎమ్మీలని వారం ముందే, సెప్టెంబర్ 6, 7 తేదీల్లో ఇచ్చేశారు. కెమెరా, సంగీతం, టైటిల్స్, గెస్ట్ నటిగా మెరిట్ వీవర్, ఇవన్నీ అక్కడ వచ్చినవే. ఆ రెండు రోజులూ ఎవడూ చూడడు కాబట్టి ఎవడికీ గుర్తుండదు. 13 నామినేషన్లతో వచ్చి 5 పట్టుకుపోయిన పిట్ దెబ్బ గట్టిదే, కాదనను. కానీ సెవరెన్స్‌ని ఉత్తచేతుల్తో పంపారన్నట్టు ఏడవడం అన్యాయం.

ఇన్నీ_బాధితుడు
మాస్టారూ, పెళ్ళిలో పందిరి మనది, బాజాలు మనవి, వడ్డన మనది, తాళి మాత్రం వేరేవాడు కట్టాడు. ఆ ఎనిమిదీ నేనేం చేసుకోను.

కడప_కారందోసె
పప్పన్నమైతే తిన్నావు గదప్పా, ఇంగేంది నీ బాధ.

నైట్‌డ్యూటీ_నాగమణి
ఇప్పుడే డ్యూటీ దిగి హ్యాండోవర్ ఇచ్చి వచ్చా, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఇది చదువుతున్నా. "స్ట్రెచర్ తోసుకుంటూ పరిగెత్తడం" అన్న ముక్క దగ్గర ఆగిపోయా. సరే, తీరిగ్గా చెప్తా.

నాది మదనపల్లె, బెంగళూరు వచ్చి పదకొండేళ్ళు, అందులో ఎనిమిదేళ్ళు కాజువాల్టీలోనే. ఏ ఆసుపత్రో అడగొద్దు. పిట్ 15 ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ ఒక గంట, అంతా కలిపి ఒకే ఒక్క షిఫ్టు. చూడ్డం మొదలుపెట్టిన రోజు మా ఆయన "పన్నెండు గంటలు ఇదే చేసి వచ్చి ఇంట్లో మళ్ళీ ఇదే చూస్తావేంటే" అన్నాడు. నిజమే. కానీ నాకు అంతకుముందు ఏ ఆసుపత్రి సీరియల్లోనూ నర్సు కనపడలేదు బాబూ. కనపడితే డాక్టరు వెనకాల ట్రే పట్టుకుని నిలబడి ఉంటుంది, లేకపోతే లవ్‌లో పడుతుంది. ఇక్కడ డానా అని ఛార్జ్ నర్సు ఉంది, ఏ బెడ్డు ఖాళీ, ఎవరిని పైకి పంపాలి, ఏ కొత్త డాక్టరు భయపడుతున్నాడు, ఎవరి మీద ఎప్పుడు అరవాలి, అన్నీ ఆవిడ బుర్రలోనే ఉంటాయి. మా సీనియర్ సిస్టర్ ఒకావిడ అచ్చం అలాగే ఉండేది. ఆ డానా వేసిన కాథరిన్ లనాసాకి సహాయ నటి అవార్డు వచ్చింది ఇవాళ. కాబట్టి నీ మూడు బిర్యానీలకి నేను బాధపడట్లేదు, సారీ.

ఇంకో మాట. వెయిటింగ్ రూములో గంటల తరబడి కూర్చోపెట్టారని ఒకడు కోపంతో డానా మొహం మీద గుద్దుతాడు. ఆ ఎపిసోడ్ చూసి నేను టీవీ కట్టేశా, రెండ్రోజులు మళ్ళీ పెట్టలేదు. ఎందుకంటే నాకు జరిగింది. మొహం మీద కాదు, చెయ్యి మెలితిప్పారు. పేషెంట్ కాదు, పేషెంట్ బావమరిది. బెడ్డు లేదు అన్నందుకు. సెక్యూరిటీ వచ్చేసరికి అంతా అయిపోయింది, సాయంత్రం వరకు అదే చేత్తో కాన్యులాలు వేశా. ఆ సీన్ రాసినవాడికి ఎవరో నర్సు కూర్చోపెట్టి చెప్పి ఉంటుంది, లేకపోతే అంత కరెక్టుగా రాదు.

మోడరేటర్_మజ్జిగ
స్పాయిలర్ రాసేముందు ఒక ముక్క చెప్పండమ్మా, ఇంకా చూడనివాళ్ళు ఉంటారు.

నైట్‌డ్యూటీ_నాగమణి
ఏప్రిల్లో అయిపోయింది సీజను. ఇంకా చూడకపోతే అది నా తప్పా.

పెసరట్టు_పెసిమిస్ట్
నర్సమ్మతో పెట్టుకోకు మజ్జిగా. ఇంజెక్షన్ ఎక్కడ పొడుస్తుందో తెలీదు.

గచ్చిబౌలి_టు_బెల్లందూర్
నాగమణక్కా, మీరు చెప్పింది మస్తుగుంది గని నేను ఇన్నీ అన్న దిక్కే. పిట్ మంచిగ లేదని కాదు. ఆస్పత్రి కథ అంటేనే సగం గెలిచినట్టు, రక్తం చూపిస్తే ఎవరికైనా గుండె కొట్టుకుంటది. ఏమీ లేని ఒక తెల్ల కారిడార్ చూపించి గుండె కొట్టుకునేటట్టు చెయ్యి, అప్పుడు తెలుస్తది. సెవరెన్స్‌ల ఆ ఆఫీసు బిల్డింగు న్యూజెర్సీల పాత బెల్ ల్యాబ్స్ కట్టడమంట, మా టెక్ పార్క్ కూడా లోపల అట్లనే ఉంటది, నాలుగో ఫ్లోరో ఐదో ఫ్లోరో బోర్డు చూస్తే తప్ప తెల్వదు. ఒకసారి వేరే కంపెనీ ప్యాంట్రీల పోయి కాఫీ తాగి వచ్చిన, ఎవ్వడూ అడగలే.

బీటీఎం_బాబాయ్
ఆ కాఫీ బాగుందా?

గచ్చిబౌలి_టు_బెల్లందూర్
మా దానికన్నా నయం.

స్టాండప్_సంజీవి
సెవరెన్స్‌లో ఆఫీసు సూపర్‌వైజర్ మిల్‌చిక్‌కి అప్రైజల్ ఇచ్చే సీన్ గుర్తుందా? పెద్ద పెద్ద మాటలు వాడుతున్నావు, పేపర్ క్లిప్పులు తిరగేసి పెడుతున్నావు అని తప్పులు ఎత్తి చూపిస్తారు. తర్వాత వాడు ఒక్కడే అద్దం ముందు నిలబడి చిన్న మాటల్లో మాట్లాడటం ప్రాక్టీస్ చేస్తాడు. నేను ఆ సీన్ మూడుసార్లు చూశా. పోయిన ఏడాది నా అప్రైజల్లో మా మేనేజర్ "యూ రైట్ లాంగ్ మెయిల్స్" అన్నాడు. అంతే. ఏడాదంతా నేను చేసింది అదొక్కటే అన్నట్టు. ప్రొడక్షన్ రెండుసార్లు పడిపోతే అర్ధరాత్రి లేపింది నన్నే, అది మాత్రం ఫార్మ్‌లో ఎక్కడా లేదు. ఆ మిల్‌చిక్ చేసిన ట్రామెల్ టిల్‌మన్ డ్రామా సహాయ నటుడి అవార్డు గెలిచిన మొదటి నల్లజాతీయుడు, అమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు, తనకి మొదటి యాక్టింగ్ కోచ్ ఆవిడే అన్నాడు. నాకు ఆ ఒక్క అవార్డు చాలు. మిగతావి ఎవరికిచ్చుకుంటే ఏంటి.

ఇన్నీ_బాధితుడు
లాంగ్ మెయిల్స్ మాత్రమే కాదు, లాంగ్ పోస్టులు కూడా.

స్టాండప్_సంజీవి
నువ్వూ మేనేజర్ వేనా.

పెద్దాయన_ఫ్రం_ఫ్రేజర్‌టౌన్
పిల్లలూ, ఎమ్మీల విషయంలో ఇంత చిన్నదానికే గుండెలు బాదుకుంటే ఎట్లా. బెటర్ కాల్ సాల్ అనే సీరియల్‌కి మొత్తం 53 నామినేషన్లు వచ్చాయి. గెలిచినవి ఎన్ని? సున్నా. ఒక్కటంటే ఒక్కటి లేదు. ది వైర్ ఇంకా ఘోరం, దాన్ని కాలేజీల్లో పాఠంలా చెప్తారు, ఐదు సీజన్లలో నామినేషన్లే రెండు, గెలిచింది ఏమీ లేదు. మ్యాడ్ మెన్ హీరో జాన్ హామ్ ఏడు సీజన్లు ఎదురుచూసి చిట్టచివరి సీజన్‌కి 2015లో అందుకున్నాడు. మీరేమో ఎనిమిది గెలిచి దండోరా వేస్తున్నారు.

పైగా ఆ నోవా వైలీ సంగతి తెలుసా? మొదటి పోస్టులో 1994 నుంచి తీస్తున్న సీరియల్ అన్నారే, ఈఆర్, అందులో కుర్ర డాక్టరు ఈయనే. ఐదుసార్లు నామినేట్ అయ్యాడు, ఐదుసార్లూ ఒట్టిచేతులే. నేను అప్పుడు కేబుల్లో చూసేవాణ్ణి, మా ఆవిడ "ఆ సన్నటి అబ్బాయి బాగున్నాడు" అనేది. ముప్ఫై ఏళ్ళ తర్వాత నెరిసిన గడ్డంతో వచ్చి తీసుకున్నాడు. తీసుకుని ఏమన్నాడు? ఈ రాత్రి డ్యూటీకి ఎక్కేవాళ్ళకి, డ్యూటీ దిగేవాళ్ళకి ఇది అంకితం అన్నాడు. మా ఆవిడ లేదు ఇప్పుడు చూడటానికి. ఉంటే సంతోషించేది.

నైట్‌డ్యూటీ_నాగమణి
అంకుల్, నేను ఆ మాట విన్నప్పుడు స్టేషన్లో ఫోన్ ఛార్జర్ దగ్గర నిలబడి ఉన్నా. హ్యాండోవర్ టైము. నిజంగానే ఒకళ్ళు ఎక్కుతున్నారు, నేను దిగుతున్నా.

కె.ఆర్.పురం_కామాక్షి
ఇదంతా సరే గానీ, హత్య కేసులో ఇరుక్కున్న పిల్లాడి కథ ఉంది కదా, ఆ అడోలసెన్స్ సీరియల్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? ఆ పిల్లాడు ఓవెన్ కూపర్, పదిహేనేళ్ళు, నటనకి ఎమ్మీ తీసుకున్న మగవాళ్ళలో అందరికన్నా చిన్నవాడు. అదే వాడి మొదటి నటన. నాలుగే ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ కట్ లేకుండా ఒకే షాట్. సైకాలజిస్టుతో ఒక్క గదిలో కూర్చునే మూడో ఎపిసోడ్ ఉంది చూడండి, వాడు మొట్టమొదట షూట్ చేసింది అదేనట. మొదటి రోజే అది!

మా వాడికి పద్నాలుగు. నేను ఆ సీరియల్ చూశాక నెల రోజులు వాడి గది తలుపు తట్టకుండా తీసేదాన్ని. వాడు "అమ్మా, ప్రైవసీ" అంటాడు. ఏం చేస్తున్నావ్‌రా అంటే ఏం లేదు అంటాడు. ఆ సీరియల్లో తల్లిదండ్రులు కూడా అదే అనుకుంటారు కదా, గదిలోనే ఉన్నాడు, బయట తిరగట్లేదు, భద్రంగా ఉన్నాడు అని. మా ఆయన సగం చూసి లేచి వెళ్ళిపోయాడు, ఆఫీస్ కాల్ ఉందని. కాల్ లేదు. బాల్కనీలో నిలబడ్డాడు ఊరికే.

పెసరట్టు_పెసిమిస్ట్
పదిహేనేళ్ళకి ఎమ్మీ. మా తమ్ముడికి పంతొమ్మిది, తిన్న ప్లేటు సింకులో వెయ్యడం రాదు.

కె.ఆర్.పురం_కామాక్షి
మా ఇంట్లో ఆ అవార్డు ఇంకా ఎవరూ గెలవలేదు.

ఓటు_ఒక్కటే
ఇక్కడ చాలామంది "జ్యూరీ జ్యూరీ" అంటున్నారు, జ్యూరీ ఏమీ లేదు. టెలివిజన్ అకాడమీలో పాతిక వేలకు పైగా సభ్యులు ఉంటారు, అందరూ ఆ పనిలో ఉన్నవాళ్ళే. నామినేషన్ దగ్గర కెమెరావాళ్ళు కెమెరావాళ్ళని, నటులు నటుల్ని, ఎడిటర్లు ఎడిటర్లని ఎంచుతారు. అందుకే సెవరెన్స్ లాంటిదానికి 27 పడతాయి, దానిలో ప్రతి శాఖవాడూ మెచ్చుకునే పనితనం ఉంది. కానీ డ్రామా సిరీస్ దగ్గరికొస్తే అన్ని శాఖలవాళ్ళూ కలిసి వేస్తారు, ఒక్కొక్కళ్ళు ఒక్కదానికే టిక్కు. పాతరోజుల్లో ర్యాంకులు ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు అది లేదు. ఎవరికి ఎక్కువ పడితే వాళ్ళదే. అంటే పదిమందికి "చాలా గొప్పగా ఉంది" అనిపించడం వేరు, పదిమంది ఆ ఒక్క టిక్కు దానికే వెయ్యడం వేరు. 27కీ 1కీ సంబంధం లేదు, పంచాయతీ ఎన్నికల్లో చూడలేదా, ఊరేగింపుకి వచ్చిన జనం అంతా ఓటెయ్యరు.

కడప_కారందోసె
ఊరేగింపు యాడిదైనా బిర్యానీ మాత్రం అందురూ తింటారు సామీ.

ఇన్నీ_బాధితుడు
బిర్యానీ గురించి మాట్లాడొద్దు.

ఆలస్యం_అమృతం
నా ప్రకారం సెవరెన్స్ ఓడిపోయింది క్యాలెండర్ వల్ల. మొదటి సీజన్ 2022 ఫిబ్రవరి, రెండో సీజన్ 2025 జనవరి. మధ్యలో హాలీవుడ్ సమ్మె ఉంది నిజమే, అయినా మూడేళ్ళు! నేను మొదటి సీజన్ చూసినప్పుడు పెళ్ళి కాలేదు, రెండో సీజన్‌కి మా పాప నడుస్తోంది. పిట్‌వాళ్ళు ఈ జనవరిలో మొదలుపెట్టి ఏప్రిల్‌కి 15 గంటలు ఇచ్చేశారు, వారానికి ఒకటి చొప్పున, వచ్చే జనవరికి రెండో సీజన్ అని చెప్పేశారు కూడా. ఖర్చు కూడా సెవరెన్స్ ఎపిసోడుకి అయ్యేదాంట్లో చిన్న ముక్కే అంటున్నారు. ఓటు వేసేది ఆ పనిలో ఉన్నవాళ్ళు అన్నారు కదా పైన, వాళ్ళకి ఏం కావాలి? ప్రతి ఏడాదీ పని. పాత పద్ధతిలో సీరియల్ తీస్తే ఇంకా జనం చూస్తారు అని ఎవరైనా నిరూపిస్తే వాళ్ళకి పండగే కదా. వాళ్ళు పిట్‌కి వేశారంటే సగం పిట్‌కి, సగం వాళ్ళ ఉద్యోగాలకి వేసుకున్నారు.

లెక్కల_మాస్టారు
ఈ మాటతో నేను ఏకీభవిస్తా. అలాగని పిట్ తక్కువది కాదు.

నైట్‌డ్యూటీ_నాగమణి
ఆలస్యం గారూ, సగం ఉద్యోగాలకి అంటే పోనీలే అనుకున్నా. కానీ చవకగా తీశారు కాబట్టి గెలిచింది అన్నట్టు ఉంది మీ మాట. దాంట్లో వెనకాల మ్యూజిక్కే ఉండదు దాదాపు, గమనించారా? ఏడవాల్సిన చోట వయొలిన్ వాయించి ఏడిపించరు. మానిటర్ చప్పుడు, ఎవరో దగ్గడం, ఫోన్ మోగడం, అంతే. మా దగ్గర కూడా మనిషి పోయినప్పుడు మ్యూజిక్ రాదు. పక్క బెడ్డువాడు డ్రిప్ అయిపోయింది సిస్టర్ అని పిలుస్తుంటాడు.

గచ్చిబౌలి_టు_బెల్లందూర్
అక్కా, ఇగ నేనేం అనలేను.

అత్తగారి_రిమోట్
మా అత్తయ్య పక్కన కూర్చోబెట్టి ఈ ఎమ్మీలు కాసేపు చూపించా. "ఈ సీరియల్ ఎన్ని ఎపిసోడ్లే" అంది. సెవరెన్స్ గురించి కదా, పది అన్నా. "పదా? పది ఎపిసోడ్లకి మా సీరియల్లో పెళ్ళికూతురు పీటల దాకా కూడా రాదు" అంది. నిజమే కదా, మన సీరియల్లో ఒక చెంపదెబ్బ మూడు కోణాల్లో మూడుసార్లు పడుతుంది, ఇంట్లో తొమ్మిది మంది మొహాలూ చూపించేసరికి బ్రేక్ వస్తుంది. అయినా ఏడాదికి మూడొందల రోజులు తీసేవాళ్ళ ఓపికకి ఎవడిస్తాడండి ఎమ్మీ.

సబ్‌టైటిల్_సుబ్బులు
మన దేశానికి ఎమ్మీ వచ్చింది కదా, ఢిల్లీ క్రైమ్‌కి. దాన్ని పిట్‌తో పోటీ పెట్టి గెలిపించారు అప్పట్లో.

లెక్కల_మాస్టారు
కాదు సుబ్బులు గారూ. ఢిల్లీ క్రైమ్‌కి 2020లో వచ్చింది ఇంటర్నేషనల్ ఎమ్మీ. అది వేరే సంస్థ, వేరే వేడుక, న్యూయార్క్‌లో నవంబర్లో జరుగుతుంది, అమెరికా బయట తీసినవాటికి. 2023లో వీర్ దాస్ కామెడీకి తెచ్చుకున్నది కూడా అదే. ఇవాళ చూసింది లాస్ ఏంజెలెస్ ఎమ్మీ. పైగా 2020లో పిట్ పుట్టనే లేదు.

సబ్‌టైటిల్_సుబ్బులు
సరే సరే. నాకు తెలిసింది చెప్పా.

పెసరట్టు_పెసిమిస్ట్
ఈసారి హోస్ట్ నేట్ బర్గాట్జీ పెట్టిన ఆట నచ్చింది నాకు. పిల్లల సంస్థకి లక్ష డాలర్లు ఇస్తానని చెప్పి, స్పీచ్ 45 సెకన్లు దాటితే సెకనుకి వెయ్యి డాలర్లు కోస్తా అన్నాడు. స్టేజి మీద థాంక్స్ చెప్పేవాళ్ళ వెనక పిల్లల డబ్బులు కరిగిపోతున్నాయి. చివరికి లెక్క మైనస్‌లోకి పోతే ఆయనా, ఛానెల్‌వాళ్ళూ కలిపి మూడున్నర లక్షలు ఇచ్చారు. ఇదే మన సినిమా ఫంక్షన్లో పెడితే మొదటి వక్త "సభకు నమస్కారం" అని గొంతు సవరించుకునేలోపే ట్రస్టు దివాలా.

సిల్క్‌బోర్డ్_సన్యాసి
ఒక్కో నిర్మాత పేరు, ఆయన నాన్నగారి పేరు, ఆయన తాతగారి పేరు. పిల్లలే ఎదురు డబ్బులు కట్టాలి.

స్టాండప్_సంజీవి
మా స్టాండప్‌కి కూడా పెట్టండి ఆ రూల్. పదిహేను నిమిషాల మీటింగు నలభై నిమిషాలు. ఇవాళ ఇన్నీ_బాధితుడు నిద్ర మొహంతో వచ్చి "నో అప్డేట్స్" అన్నాడా లేదా?

ఇన్నీ_బాధితుడు
నువ్వు మా టీంలోనే ఉన్నావా???

స్టాండప్_సంజీవి
నాకు రావాల్సిన బిర్యానీ స్పైసీ, ఎక్స్‌ట్రా రైతా.

బీటీఎం_బాబాయ్
హహహ దొరికిపోయాడు. ఇన్నీకి ఔటీ ఎదురుపడినట్టు ఉంది.

ఇన్నీ_బాధితుడు
ఇంతసేపు లాంగ్ మెయిల్స్ అని ఏడ్చింది నువ్వా. ఆగు, రేపు ప్యాంట్రీలో మాట్లాడదాం.

సరే, సీరియస్‌గా ఒకటి. నాగమణి గారి పోస్టు చదివాక కొంచెం సిగ్గేసింది, ఆ స్ట్రెచర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మా బాధ కూడా బాధే కదండీ. ప్రొడక్షన్ పడిపోతే అర్ధరాత్రి రెండింటికి ఫోన్, క్లయింటు అరుపులు, నలభై మంది కాల్‌లో కూర్చుని నా స్క్రీన్ చూస్తుంటే నేను టైప్ చెయ్యాలి, చేతులు వణుకుతాయి.

నైట్‌డ్యూటీ_నాగమణి
సర్వర్ పడిపోతే ఎవరూ చచ్చిపోరు నాయనా.

స్టాండప్_సంజీవి
అక్కా, ఈ మాట మా మేనేజర్‌కి మెయిల్ పెట్టగలరా? షార్ట్‌గానే పెట్టండి.

నైట్‌డ్యూటీ_నాగమణి
వేళాకోళం కాదు గానీ, మీ బాధ లేదని నేను అనను. పిట్‌లో గ్లోరియా అని అడ్మినిస్ట్రేటర్ ఉంటుంది, పొద్దున్నే వచ్చి పెద్ద డాక్టర్ని పట్టుకుని పేషెంట్ సంతృప్తి స్కోర్లు తగ్గాయి అంటుంది. ఆయన పైన బెడ్లు ఇవ్వండి, నర్సుల్ని పెంచండి అంటాడు. ఆవిడ మళ్ళీ స్కోర్లు అంటుంది. మా దగ్గర ఇప్పుడు డిశ్చార్జ్ అయ్యేటప్పుడు క్యూఆర్ కోడ్ ఇస్తారు, సిస్టర్ నవ్వుతూ మాట్లాడారా, ఐదుకి ఎన్ని అని. ముగ్గురు చెయ్యాల్సిన పని ఒక్కదాన్నే చేస్తూ నవ్వాలి కూడా. పోయిన నెల నాకు 3.8 వచ్చిందని కూర్చోపెట్టి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆ రోజు గుండె ఆగిన కేసులు (కోడ్ బ్లూ) రెండు, పోలీసు కేసు అయిన యాక్సిడెంట్ (ఎంఎల్‌సీ) ఒకటి. నవ్వలేదట.

స్టాండప్_సంజీవి
3.8కి కౌన్సెలింగా. మాకు 3 అంటే "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్", అంటే హైక్ లేదు అని అర్థం.

బీటీఎం_బాబాయ్
నాకు ఇప్పుడు అర్థమైంది. సెవరెన్స్‌లో వాళ్ళకి చేస్తున్న పని ఏంటో తెలీదు, టైము మాత్రం బోలెడు. పిట్‌లో పని ఏంటో చచ్చేంత తెలుసు, టైమే లేదు. రెండిట్లోనూ స్కోరు వేసేవాడు మాత్రం ఒకడే.

పెద్దాయన_ఫ్రం_ఫ్రేజర్‌టౌన్
అమ్మా నాగమణీ, పిట్‌లో మోహన్ అని ఒక అమ్మాయి డాక్టరు ఉంది కదా, సుప్రియా గణేశ్ చేసింది. ప్రతి పేషెంటు దగ్గరా ఎక్కువసేపు కూర్చుంటుందని "స్లో మో" అని పేరు పెడతారు. మా ఆవిడని చూసిన డాక్టరమ్మ ఒకరు అలాగే ఉండేది, ఓపీలో అందరూ విసుక్కునేవారు, లోపలికి వెళ్ళినవాడు మాత్రం సంతోషంగా వచ్చేవాడు. ఆ అమ్మాయికి కూడా ఒక నామినేషన్ ఇచ్చి ఉంటే బాగుండేది.

నైట్‌డ్యూటీ_నాగమణి
అవును అంకుల్. అలాంటివాళ్ళుంటే మాకు క్యూ పెరుగుతుంది, తిట్టుకుంటాం. మనకి బాలేనప్పుడు మాత్రం వాళ్ళ దగ్గరికే వెళ్తాం.

సబ్‌టైటిల్_సుబ్బులు
బ్రిట్ లోవర్ చేతిలో స్పీచ్ కాగితం వెనక "లెట్ మీ అవుట్" అని రాసి ఉందట, ఫోటోలు తిరుగుతున్నాయి. ఇదైనా కరెక్టేనా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
ఇది కరెక్టే. సెవరెన్స్‌లో ఆవిడ పాత్ర హెల్లీ, ఆఫీసు లోపలున్న ఆ హెల్లీ బయటకి పంపమని అడుగుతున్నట్టు. ఆ ఒక్క కాగితానికి ఇంకో ఎమ్మీ ఇవ్వచ్చు. ఆవిడ గెలిచిన హీరోయిన్ అవార్డు మ్యాట్‌లాక్ నటి క్యాథీ బేట్స్‌కి వస్తుందని చాలామంది అనుకున్నారు.

స్టాండప్_సంజీవి
రేపు నా ఐడీ కార్డు వెనక అదే రాసుకుని స్వైప్ చేస్తా.

ఆలస్యం_అమృతం
పిట్ ఎక్కడుంది? సెవరెన్స్ ఎక్కడుంది? ఒక్కచోట పెట్టి చావరు.

కడప_కారందోసె
పిట్ జియోహాట్‌స్టార్‌లో, సెవరెన్స్ ఆపిల్‌లో నెలకు 99 రూపాయలు. నా దెగ్గర రెండూ లేవు. యెవరన్నా పాస్‌వర్డ్ ఇస్తే కారందోసె నా లెక్క.

నైట్‌డ్యూటీ_నాగమణి
నా దగ్గర పిట్ ఉంది, సెవరెన్స్ లేదు. నిజం చెప్పాలంటే నేను దాన్ని చూడలేదు ఇంతవరకు. ఆఫీసు కథ నాకెందుకులే అనుకున్నా.

ఇన్నీ_బాధితుడు
చూడకుండానే ఇంత వాదించారా!!

నైట్‌డ్యూటీ_నాగమణి
నువ్వు పిట్ చూశావా?

ఇన్నీ_బాధితుడు
...

పెసరట్టు_పెసిమిస్ట్
మూడు చుక్కలు పెట్టాడు. చూడలేదు. ఇంత గొడవ చేసి చూడలేదు!

మోడరేటర్_మజ్జిగ
థ్రెడ్ మూసెయ్యమంటారా?

సిల్క్‌బోర్డ్_సన్యాసి
ఉంచండి, రైలు ఇంకా రాలేదు.

ఇన్నీ_బాధితుడు
(శనివారం) బిర్యానీలు ఇచ్చేశా, రసీదు సంజీవి దగ్గర ఉంది. పిట్ నిన్న రాత్రి పెట్టా. ఒక్కటి చూసి పడుకుందాం అనుకున్నా. ఇప్పుడు తెల్లవారుజామున మూడుంపావు, ఎనిమిది అయ్యాయి. డ్రామా సిరీస్ సెవరెన్స్‌కే రావాలి, ఆ మాట మీదే ఉన్నా. కానీ ఆ డానా అవార్డు గురించి నేనేమీ అనలేదని రాసుకోండి. ఆవిడ సిగరెట్ తాగడానికి బయటకి వెళ్తుంటే ప్రతిసారీ భయమేస్తోంది, నాగమణి గారు ముందే చెప్పేశారు కదా.

నైట్‌డ్యూటీ_నాగమణి
తొమ్మిదోది ఇప్పుడు పెట్టకు. పొద్దున చూడు. నేను బ్రేక్‌లో ఉన్నా, ఫోన్లో సెవరెన్స్ మొదటిది పది నిమిషాలు అయింది, ఒక అమ్మాయి బల్ల మీద పడుకుని లేచింది, నువ్వెవరు అని అడుగుతున్నారు. మా దగ్గర పేషెంటుకి స్పృహ ఎంత ఉందో (జీసీఎస్) చూసేటప్పుడు ఇవే ప్రశ్నలు. బెడ్ నాలుగు పిలుస్తున్నారు, మళ్ళీ వస్తా.

ఇన్నీ_బాధితుడు
తొమ్మిదోది పెట్టేశా.